వారాంతపు వ్యాసాల్లో మన అడవి

ఆదివారం అనుబంధాల్లో ఒక రకం వ్యాసం తరచూ వస్తున్నది. శుక్రవారం రాత్రి హైదరాబాదులో బయలుదేరడం, తెల్లారేసరికి కొండ మీద చలి, మెడలో దుర్భిణి, నాలుగు పిట్టల ఫోటోలు, ఒక కాఫీ షాపు, కప్పులో నురగ మీద గీసిన ఆకు బొమ్మ, ఆదివారం రాత్రికి మళ్లీ ఇల్లు. ఎక్కువగా అరకు మీద రాస్తారు. ఈ మధ్య మా అమ్రాబాదు మీద, మన్ననూరు, ఫరహాబాద్ మీద కూడా రాస్తున్నారు. ఇక్కడ కాఫీ షాపు లేదు కాబట్టి ఆ చోట శ్రీశైలం రోడ్డు మీది చాయ్ హోటలు వస్తుంది. మిగతాదంతా అదే.

మేము ఈ వ్యాసాలు కత్తిరించి దాచుకుంటాం. ఇష్టంగానే చదువుతామని కూడా ఒప్పుకోవాలి. పుట్టిన చోటు పేరు పేపర్లో కనబడితే ఎవరికి సంతోషం ఉండదు? అయితే మన పుస్తకాల్లో కవిత్వం మీద విమర్శ వస్తున్నది, కథల మీద వస్తున్నది, ఈ యాత్రావ్యాసాల మీద మాత్రం ఎవరూ రాయడం లేదు. చిన్న రచనలని వదిలేస్తున్నాం. నిజానికి పట్నంలో ఉన్నవాళ్లు మన గురించి చదివేది మన కవిత్వం కాదు, మన కథ కాదు. ఈ వ్యాసాలే చదువుతారు, సెలవు రోజు చాయ్ తాగుతూ. కాబట్టి వీటిని కూడా ఒక రచన లెక్కన పట్టుకొని, ఎట్లా రాశారు, ఏం రాశారు, ఏం వదిలేశారు అని చూడవలసి ఉన్నది.

ఈ ఆలోచన మాకు తరగతి గదిలో వచ్చింది. మాది ఆశ్రమ పాఠశాల. చెంచు పెంటల పిల్లలు, లంబాడీ తండాల పిల్లలు కలిసి చదువుతారు. నల్లమల ఒక చివర చందంపేట వైపు నల్లగొండ జిల్లాలోకి కూడా పోతుంది గనుక ఆ పక్క పిల్లలూ కొందరున్నారు. ఎనిమిదో తరగతికి వ్యాకరణం చెప్తున్నాం. కర్త, కర్మ, క్రియ. ఆ తర్వాత కర్తరి వాక్యం, కర్మణి వాక్యం. పాఠ్యపుస్తకంలో రాముడు రావణుని చంపెను, రావణుడు రామునిచే చంపబడెను అన్న వరస ఉదాహరణలకు పిల్లలు ఆవులిస్తున్నారు. అందుకని కత్తిరించి పెట్టుకున్న వ్యాసాల ధోరణిలో మేమే కొన్ని వాక్యాలు అల్లి బోర్డు మీద రాశాం. తెల్లవారుజామున సఫారీ జీపు ఏర్పాటు చేయబడింది. దారిలో అరుదైన పక్షులు చూపించబడ్డాయి. రాత్రికి మట్టి కుటీరంలో వేడివేడి భోజనం వడ్డించబడింది. పక్షుల కిలకిలలు తప్ప అడవిలో మనిషి అలికిడి లేదు.

కర్త ఎవరో గుర్తించండి అన్నాం. పిల్లలు వెతికారు. రెండో వరుసలో కూర్చునే ఒక చెంచు పిల్లవాడు లేచి, "సారు, జీపు తోలింది మా చిన్నాయన" అన్నాడు. వ్యాకరణం లెక్కన తప్పు జవాబు. వాక్యంలో చిన్నాయన లేడు. ఇంకో పిల్ల లేచి, అన్నం వండింది ఫలానా అక్క అని పేరు చెప్పింది. ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క మనిషిని పట్టుకొచ్చి నిలబెట్టారు. చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయారు. మనిషి అలికిడి లేదంటే, మరి అది చెప్తున్నాయన పక్కన జీపు తోలుతున్నది ఎవరు? ఈ ప్రశ్న వేసింది మేము కాదు, పిల్లలే వేశారు.

ఆ రోజు తర్వాత మేము ఆ వ్యాసాలన్నీ మళ్లీ తీసి చదివాం. "బడు" ధాతువు ఎన్ని చోట్ల వచ్చిందో పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాం. తెలుగులో మామూలుగా మాట్లాడేటప్పుడు ఎవరూ "బడు" వాడరు. అన్నం పెట్టబడింది అని ఏ అవ్వా అనదు, పెట్టిన అంటుంది. ఇంగ్లీషు నుంచి వచ్చిన ఈ అలవాటు మీద భాషావేత్తలు ఎప్పటి నుంచో విసుక్కుంటున్నారు. మా ఫిర్యాదు మాత్రం శైలి గురించి కాదు. ఈ వ్యాసాల్లో "బడు" అన్ని వాక్యాల్లో రావడం లేదు. రచయిత చేసిన పనులన్నీ కర్తరిలోనే ఉంటాయి. నేను లేచాను, నేను చూశాను, నేను ఫోటో తీశాను, నేను మైమరచిపోయాను. మనవాళ్లు చేసిన పని వచ్చేసరికి క్రియ మిగులుతుంది, మనిషి మాయమవుతాడు. ఎక్కడైనా మనిషి కనబడినా "స్థానిక గైడ్" అని, "ఒక చెంచు యువకుడు" అని వస్తాడు. హోటలుకు పేరుంటుంది, కారు మోడలుకు పేరుంటుంది, కెమెరా లెన్సుకు నంబరు కూడా ఉంటుంది. పక్షికి ఇంగ్లీషు పేరుంటుంది. దాన్ని చూపించినవాడికి ఉండదు.

కావాలని చేస్తున్నారని మేము అనడం లేదు. రాసేవాళ్లు చాలామంది మంచివాళ్లే. ఒకరిద్దరు మా బడికి పుస్తకాలు కూడా పంపారు. రచనకు ఒక అచ్చు ఉంటుంది, అందులో పోస్తే ఎవరు రాసినా అట్లాగే వస్తుంది. అచ్చును చూడటమే విమర్శ చేయవలసిన పని అని మా ఉద్దేశం.

ఈ అచ్చులో మొదటి గుణం పోలిక. అరకు ఆంధ్రా ఊటీ. లంబసింగి ఆంధ్రా కాశ్మీరు. మా సలేశ్వరం తెలంగాణ అమర్‌నాథ్. అడవి లోయలోకి దిగి, జలపాతం పక్కన గుహలో ఉన్న లింగమయ్యను చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులు మాత్రమే దర్శించుకునే చోటు అది. పూజారులు చెంచులు. ఎండలు మండే కాలంలో చెమటలు కారుతుంటే రాళ్ల మీద దిగి పోవాలి. మంచు అన్న మాటే లేదు. అయినా అమర్‌నాథ్ అంటేనే చదివేవాడికి అర్థమవుతుందట! సరే అనుకుందాం. ఊటీ సంగతి చూడండి. అది మాత్రం ఎవరిది? తోడాల కొండ. 1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ నీలగిరులు ఎక్కాడు, కొద్ది సంవత్సరాల్లోనే అక్కడ రాతి ఇల్లు కట్టుకున్నాడు, తోడాలు బర్రెలు మేపుకునే నేల మీద పట్నం లేచింది. ఒక ఆదివాసీ కొండను వేసవి పట్నంగా మార్చి, దాని పేరును ఇంకో ఆదివాసీ కొండకు బిరుదుగా ఇస్తున్నారు. రాసేవాళ్లకు ఈ సంగతి తట్టదు. మనకు కూడా తట్టడం లేదు, మన పిల్లలు విహారయాత్ర వ్యాసంలో "ఆంధ్రా ఊటీ అరకు" అనే మొదలుపెడతారు.

ఇక పిట్టల మాట. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇందులో మనం నేర్చుకోవలసింది కూడా ఉన్నది.

జెర్డాన్ అని మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన తెల్లదొర ఒకాయన ఉండేవాడు. నెల్లూరు ప్రాంతంలో కొంతకాలం ఉన్నాడు. 1862లో మొదలుపెట్టి రెండేళ్లలో భారతదేశ పక్షుల మీద పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. అందులో ఒక్కొక్క పక్షి కింద లాటిన్ పేరుతో పాటు హిందీ పేరు, తమిళ పేరు, తెలుగు పేరు కూడా రాశాడు. పొడుగు తోకతో చెట్ల నడుమ తెల్ల రిబ్బను లాగా ఎగిరే పిట్టకు తోక పిగిలిపిట్ట అన్న పేరు ఆ పుస్తకంలో ఉన్నది. ఆయనకు ఆ పేరు ఎవరో చెప్పి ఉండాలి, చెప్పినవాళ్ల పేరు ఆయనా రాయలేదు. పిట్ట పేరు మాత్రం వాళ్లు చెప్పినట్టే రాసుకున్నాడు. ఆయన రాసి 160 ఏళ్లు దాటాక వస్తున్న తెలుగు వ్యాసంలో అదే పిట్టను "ప్యారడైజ్ ఫ్లైక్యాచర్" అని మాత్రమే రాస్తున్నారు. తెల్లదొర తెలుగు పేరు రాస్తే తెలుగువాడు ఇంగ్లీషు పేరు రాస్తున్నాడు.

ఆ జెర్డాన్ పేరుతోనే ఇంకో పక్షి ఉన్నది. 1848 ప్రాంతంలో ఆయన దాన్ని లోకానికి చెప్పాడు. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి చూశారు. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందని పుస్తకాలు తేల్చేశాయి. 86 ఏళ్ల తర్వాత, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అది దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దాని బొమ్మ పట్టుకొని ఊళ్లల్లో తిరిగారు, ఇది చూశారా అని అడిగారు. పిట్టలు పట్టి బతికే ఒకాయన, చూశాం, ఇది కలివికోడి, రాత్రి పూట తిరుగుతుంది అన్నాడు. ఆయనే పట్టి తెచ్చాడు. పుస్తకాల్లో చచ్చిపోయిన పక్షి కలివి పొదల కింద ఎప్పటి లాగానే తిరుగుతున్నది. తెలిసినవాళ్లకు తెలుసు, వాళ్లను అడిగినవాళ్లు లేరు, అంతే. లంకమల అభయారణ్యం దాని కోసమే ఏర్పడింది.

ఈ కథను పిల్లలకు చెప్పినప్పుడు వాళ్లు అడిగింది ఇంకొకటి. పట్టి తెచ్చిన పిట్ట ఏమైంది సారు? బతకలేదు. ఈ సంగతిని కూడా చెప్పాం. తెలిసినవాడి చేతిలోనే అది చనిపోయింది. మనకు అనుకూలమైన కథలో కూడా ఇటువంటి ముల్లు ఉంటుంది, దాన్ని తీసేసి చెప్పడం మాకు నచ్చదు.

మా అడవి మీద కూడా మొదటి పక్షుల లెక్క వారాంతపు సంచారుల కంటే చాలా ముందే జరిగింది. సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. అది మా మన్ననూరు, ఫరహాబాద్ దాకా వచ్చింది. 1933 నుంచి బొంబాయి సొసైటీ పత్రికలో భాగాలుగా అచ్చయింది. 1940లో హైమన్‌డార్ఫ్ ఇదే పీఠభూమిలో చెంచుల మధ్య తిరిగి, 1943లో పుస్తకం తెచ్చాడు. మేము డిప్లొమా చదివే రోజుల్లో ఈ రెండు పేర్లూ ఎవరూ చెప్పలేదు. పక్షుల పుస్తకంలో మనుషులు కనబడరు, మనుషుల పుస్తకంలో పిట్టలు కొద్దిగానే కనబడతాయి. రెండూ ఒకే చెట్టు కింద ఉన్నాయని చెప్పే పుస్తకం ఇంకా రావలసి ఉన్నది.

పిట్టలను చూడటం అనే అలవాటును మేము ఎగతాళి చేయడం లేదు. నిజంగా చూసేవాళ్లు మాకు నచ్చుతారు. చీకటితో లేస్తారు, గంటలు గంటలు మాట్లాడకుండా కూర్చుంటారు, రంగు రంగుల బట్టలు వేసుకోరు, గాలి ఎటు వీస్తున్నదో చూసుకుంటారు, నోటు పుస్తకంలో సమయం రాసుకుంటారు. ఇదంతా మా తాతలు చేసిన పనే, నోటు పుస్తకం తప్ప. తీతువు అరిచిందంటే ఎవరో నడుస్తున్నారని అర్థం. కొండముచ్చు గొంతు మారిందంటే పెద్ద జంతువేదో కదిలిందని అర్థం. ఇది మాకు పాఠంగా రాలేదు, బతుకుగా వచ్చింది.

తేడా కూడా చెప్పుకోవాలి. మా తాతలకు పిట్ట తెలిసింది తినడానికి. కౌజులకు ఉచ్చులు వేసేవారు, అడవికోడిని కొట్టేవారు. 1972 చట్టం వచ్చాక అది నేరం. మనం పిట్టలను దేవతల్లాగా చూసుకున్నాం అని మన రచయితలు కొందరు రాస్తున్నారు. అది నిజం కాదు. వాటిని బాగా ఎరిగి ఉన్నాం. ఎరగడానికి ఆకలి ఒక కారణం. వేట పోయింది, మంచిదే. కాని వేటతో పాటు పేర్లు కూడా పోతున్నాయి, ఎందుకంటే పేరుతో ఇక పని లేదు. మా తరగతిలో పిల్లలను అడిగితే పాలపిట్ట చెప్పారు, అది రాష్ట్ర పక్షి, జనరల్ నాలెడ్జిలో ఉన్నది. నెమలి, చిలుక, గోరింక, కాకి చెప్పారు. పసుల పోలిగాడు అన్న మాట తండా పిల్లల్లో ఇద్దరికి తెలుసు. జెముడుకాకి కూత తెలుసు గాని పేరు తెలియదు. మేము చెప్పబోయి మేమే నాలుగైదింటి దగ్గర తడబడ్డాం. అవ్వను అడగవలసిన వయసులో హాస్టల్లో ఉన్నాం గదా.

ఇప్పుడు అడవి శాఖ సఫారీల్లో మన పిల్లలు పని చేస్తున్నారు. కొందరు పులుల జాడ చూసే వాచర్లు, కొందరు గైడ్లు. వాళ్లు పిట్టల పేర్లు మళ్లీ నేర్చుకుంటున్నారు, కాని ఇంగ్లీషులో. మా దగ్గర చదువుకొని పోయిన ఒక పిల్లవాడిని అడిగాం, మన పేర్లు కూడా చెప్పొచ్చు గదా అని. "మన పేరు చెప్తే గెస్టులు రాసుకోరు సారు. ఇంగ్లీషు పేరు చెప్తే వీనికి తెలుసు అనుకుంటరు" అన్నాడు. అంటే రాసే వ్యాసం ఒక్క చదివేవాళ్లనే కాదు, చూపించేవాళ్లను కూడా దిద్దుతున్నది. వ్యాసంలో ఏ పేరు అచ్చవుతుందో ఆ పేరే అతని నోట్లో మిగులుతుంది. బతుకుదెరువు గదా, అతనిది తప్పని ఎట్లా అంటాం?

కాఫీ గురించి మాకు అంతగా తెలియదు. మా ఇళ్లల్లో చాయే. అయినా అరకు వ్యాసాలు చదివి చదివి ఒక అభిప్రాయం పెట్టుకున్నాం. తోట ఆదివాసీది, కప్పు పట్నం వాళ్లది, పండించినవాడు ఆ రుచి ఎరగడు, అని. ఒక మంచి వ్యాసానికి సరిపోయే వాక్యమే. దాన్ని మనసులో రాసుకొనే, ఒక సంవత్సరం పిల్లలను విహారయాత్రకు అరకు తీసుకుపోయాం. రైలు సొరంగాలు, బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, అన్నీ చూశారు. అద్దాల పెట్టె కూడా చూశారు, ఇంకో రైలుకు తగిలించి ఉండగా, బయట నుంచి. ఆ తర్వాత ఒక ఉపాధ్యాయ మిత్రుడు తన ఊరికి తీసుకుపోయాడు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు. నవంబరు నుంచి కోతలు. ఎర్రగా పండిన కాయ మాత్రమే తెంపాలి, అన్నీ ఒక్కసారి పండవు కాబట్టి ఒకే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ పోవాలి. పైతోలు తీయాలి, కడగాలి, గింజను ఎండబెట్టాలి. ఇవన్నీ చెప్పింది ఆ ఇంటి ముసలమ్మ. చోడి అంబలి పోసింది పిల్లలకు. మా పిల్ల ఒకతి అడిగింది, అవ్వా మీరు కాఫీ తాగరా అని.

ఆమె నవ్వింది. ఎందుకు తాగం అన్నది. ఇంట్లోనే దంచిన పొడి, గుడ్డలో వడగట్టి, బాగా బెల్లం వేసి మాకందరికీ పోసింది. పిల్లలు మొహాలు చిట్లించారు గాని తాగారు.

మేము రాసుకుపోయిన వాక్యం అక్కడే విరిగిపోయింది. మనం కూడా ఒక అచ్చు పట్టుకొని పోయామని తెలిసింది. వాళ్ల అచ్చులో మనిషి మాయమవుతాడు, మన అచ్చులో ప్రతి మనిషీ బాధితుడై పోతాడు. ఆ అవ్వ రెండింట్లోనూ పట్టలేదు. రేటు బాగా రాకపోతే ఎట్లా తిట్టిందో అది కూడా విన్నాం, పండిన కాయలు తినే పిట్టలను ఎట్లా తిట్టిందో అదీ విన్నాం. నీడ చెట్ల కింద పెంచిన కాఫీ తోటల్లో, ఎండలో పెంచిన తోటల్లో కంటే పిట్టలు ఎక్కువ ఉంటాయని శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెప్తున్నారు. పిట్టలకు అనుకూలమైన కాఫీ అని అమెరికాలో ముద్ర వేసి అమ్ముతున్నారు కూడా. వారాంతపు వ్యాసంలో ఉదయం పిట్టలు ఒక పేరాలో, సాయంత్రం కాఫీ ఇంకో పేరాలో వస్తాయి. రెండూ ఒకే చెట్టు మీద, ఆ కిందా ఉన్నాయని, ఆ చెట్టును ఉంచింది ఆ ముసలమ్మ అని ఎక్కడా రాదు. మా అభ్యంతరాల్లో ఇది చిన్నదేం కాదు, ఎందుకంటే ఇది రాస్తే వ్యాసమే బాగుపడేది.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లోనే పారిస్‌లో ఆ పేరుతో దుకాణం తెరిచారు, 2021లో బెంగుళూరులో. ఈ సంగతులు చెప్పి పిల్లలకు ఒక లెక్క ఇచ్చాం. కప్పుకు 10 గ్రాముల పొడి పడితే కిలోకు ఎన్ని కప్పులు? నూరు. వేయించినప్పుడు గింజ బరువు సుమారు ఆరో వంతు తగ్గుతుంది, అయితే ఆ నూరు కప్పులకు పచ్చి గింజ ఎంత కావాలి? కిలో 200 గ్రాములు. ఆ అవ్వకు వచ్చే రేటు ఒకటి రాసుకున్నాం, కాఫీ షాపు గోడ మీది ధర ఒకటి రాసుకున్నాం. మిగతాది పిల్లలే చేశారు. షాపు కిరాయి, కరెంటు, పనివాళ్ల జీతం తీసేయాలి సారు అని ఒకడు అన్నాడు. నిజమే, తీసేయాలి. తీసేసినా లెక్క వాళ్లకు గుర్తుండిపోయింది. మామూలు లాభనష్టాల పాఠం అంత గుర్తుండదు.

ఇంతకూ ఒక చిన్న యాత్రావ్యాసం మీద ఇంత ఎందుకు అని అడుగుతారు. ఇక్కడ పణంగా ఉన్నది శైలి కాదు.

2014లో రాష్ట్రం విడిపోయాక, నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో తెలంగాణకు వచ్చిన భాగం అమ్రాబాదు టైగర్ రిజర్వు అయింది. 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఇందులో లోపలి ఊళ్లను బయటికి తరలించే పని కొన్నేళ్లుగా నడుస్తున్నది. సార్లపల్లి, కుడిచింతలబైలు పేర్లు మీరంతా విన్నవే. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు తేల్చాలి, గ్రామసభ ఒప్పుకోవాలి. పోతామనే కుటుంబాలు ఉన్నాయి. బడి, దవాఖాన, రోడ్డు కావాలనుకోవడం తప్పు కాదు, ఆశ్రమ పాఠశాల పంతులుగా మేము తప్పని అనలేం. పోమనే కుటుంబాలూ ఉన్నాయి. తేనె తీయడానికి కొండ అంచు మీద నుంచి తాడు మీద దిగేవాడు పై కొసను బావమరిది చేతిలో పెట్టి దిగుతాడు. ఆ కొండ, ఆ తాడు, ఆ బావమరిది ముగ్గురూ ఒక చోట ఉంటేనే ఆ పని. ఇవతల పక్కా ఇల్లు కట్టిచ్చినా కొండను కట్టివ్వలేరు.

ఈ మంచిచెడ్డలు తేల్చవలసింది ఆ ఊళ్ల వాళ్లు. కాని పట్నంలో కూర్చొని ఈ వార్త చదివేవాడు ఏమనుకుంటాడు? మనిషి అలికిడి లేని అడవి గురించి పదేళ్లుగా చదువుతున్నవాడు గదా అతను. ఖాళీగా ఉన్న అడవిలో నుంచి మనుషులను తరలించడం అంటే అతనికి అర్థం కాదు, లేదా, ఉండకూడని చోట ఎవరో ఉన్నట్టు అర్థమవుతుంది. అధికారి కూడా ఆదివారం అనుబంధం చదువుతాడు. న్యాయమూర్తి చదువుతాడు. రేపు మన పిల్లలతో కలిసి కాలేజీలో చదివే పట్నం పిల్లలు చదువుతారు.

అన్యాయంగా మాట్లాడుతున్నామని అనకుండా ఇది కూడా రాయాలి. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు పట్నం నుంచి పెద్ద గొంతు లేచింది. సేవ్ నల్లమల అని సినిమావాళ్లు, కవులు, విద్యార్థులు అందరూ నిలబడ్డారు. సెప్టెంబరులో అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. పెంటల వాళ్లు రోడ్డెక్కి కూర్చోకపోతే అది మొదలయ్యేది కాదు, కాని వారాంతానికి వచ్చి ఫోటోలు తీసుకొని పోయినవాళ్లు తోడు రాకపోతే అంత దూరం వినబడేది కాదు. అప్పుడు వాళ్ల ఫోటోలు మనకు పనికొచ్చాయి. చూసిన అడవిని ప్రేమిస్తారు, అది నిజం. ఆ ఫోటోల్లో కూడా మనుషులు తక్కువే, పచ్చని కొండలు, కృష్ణ వంపులు, ఒక పులి. మన్ను తవ్వొద్దు అనడానికి ఆ బొమ్మలు చాలాయి. మనుషులను కదపొద్దు అనవలసి వచ్చిన రోజున చాలవు.

ఇక మన సంగతి. పోయిన సంవత్సరం వ్యాసరచన పోటీకి వచ్చిన కాగితాలు మేము దిద్దాం. మా ఊరు అన్న అంశం. చెంచు పిల్లలు, లంబాడీ పిల్లలు రాసినవి. ప్రకృతి ఒడి, పక్షుల కిలకిలారావాలు, అమాయకులైన గిరిజనులు. తమ గురించే తాము "అమాయకులైన గిరిజనులు" అని రాసుకున్నారు! ఎక్కడి నుంచి వచ్చాయి ఈ మాటలు? పేపరు నుంచి, గైడు పుస్తకాల నుంచి, నిజం చెప్పాలంటే మా నుంచి. మేము బోర్డు మీద రాసిచ్చిన నమూనా వ్యాసంలోవే అవి. ఇరవై ఏళ్ల కింద ట్రైనింగులో మాకు రాసిచ్చినవే మేము రాసిచ్చాం. ఆ రోజు మార్కులు వేయడానికి చేయి రాలేదు.

అందుకని ఈ సంవత్సరం ఎనిమిదో తరగతికి ఒక పని పెట్టాం. పెద్ద పనేమీ కాదు, ఒక పాత హాజరు పట్టీ తీసుకొని గీతలు కొట్టాం. మొదటి గడిలో పిట్ట పేరు, ఇంట్లో ఏమంటారో అదే. రెండో గడిలో కూత, అక్షరాల్లో. మూడో గడిలో ఎక్కడ చూశారు, ఎప్పుడు. నాలుగో గడిలో చెప్పినవాళ్ల పేరు. నాలుగో గడి ఖాళీగా ఉంటే వరుస కొట్టేస్తాం అన్నాం. ఇంగ్లీషు పేరు చివరి గడి. మా దగ్గర చదివిన ఆ గైడు పిల్లవాడు సెలవు రోజు వచ్చి ఆ గడి నింపుతున్నాడు. మొదటి గడి చూసి తానూ రాసుకుపోతున్నాడు.

రెండు చోట్ల పేచీ వచ్చింది. ఒకే పిట్టకు తండాలో అవ్వ ఒక పేరు చెప్పింది, పెంటలో తాత ఇంకో పేరు చెప్పాడు. ఏది కరెక్టు సారు అని అడిగారు. రెండూ రాయమన్నాం. ఇప్పటికి 43 వరుసలు వచ్చాయి. వాటిలో ఒక వరుసలో పిట్ట పేరు లేదు. కూత రాసి ఉన్నది, తెల్లారగట్ల వాగు పక్కన విన్నానని ఉన్నది, నాలుగో గడిలో వాళ్ల అవ్వ పేరున్నది. పేరేదిరా అంటే, అవ్వ గుర్తు చేసుకుంటున్నది సారు, దసరాకు పోయినప్పుడు అడిగి వస్తా అన్నాడు. వరుస కొట్టేయలేదు.